లెమ్యూల్ ప్రూయిట్ హవానా ప్రయాణం

లెమ్యూల్ ప్రూయిట్‌ను గల్లినిప్పర్ దీవి మొత్తం కెప్టెన్ అనే పిలిచేది. ఏ ఓడకు కెప్టెన్ అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే అతను చెబుతాడు, చెప్పడం మొదలుపెడితే ఆపడు, ఆపేలోగా పొద్దు గుంకుతుంది, పొద్దు గుంకితే దోమలు లేస్తాయి. ఫ్లోరిడా పడమటి తీరంలో ఆ రోజుల్లో మనిషి ప్రాణానికి అంతకంటే పెద్ద గండం లేదు. గల్లినిప్పర్ అంటేనే ఆ ప్రాంతంలో పెద్దదోమ. ఆ దోమల చేత ఒకసారి తెరచాపకు కుట్లు వేయించానని, దారం మాత్రమే తనదని లెమ్యూల్ చెప్పేవాడు.

ఈ దీవి సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, సముద్రం పారబోసిన ఇసుక. ఒక పక్క అలలు, రెండో పక్క మడచెట్ల బురద, మధ్యలో ఇసుకగట్టు. దాని మీద ప్రభుత్వం భూమి పంచుతానంటే, 1888లో ఎక్కడెక్కడి బక్క ప్రాణులో పడవలెక్కి వచ్చారు. షరతు చిన్నదే. ఇల్లు కట్టాలి, నేల సాగు చేయాలి, అయిదేళ్ళు అక్కడే కాపురముండాలి. మధ్యలో ఏకబిగిన ఆరునెలలకు మించి దీవి విడిచిపెట్టి పోతే నేల చెయ్యి జారినట్టే. నూట అరవై ఎకరాలు ఊరికే ఇస్తున్నారని మురిసిపోతూ లెమ్యూల్ సంతకం చేశాడు. అందులో నూరెకరాలు ఆటుపోట్లకు మునిగి తేలుతుంటాయని తర్వాత తెలిసింది. "పంట లేకపోతేనేం, చేపలు పండుతాయి" అన్నాడు. అతని భార్య హెప్సీ పార తీసుకుని పొదలు కొట్టడం మొదలుపెట్టింది.

పారకూ లెమ్యూల్‌కూ మొదటినుంచీ పడదు. చేతులు పనిలో ఉంటే నోరు సరిగ్గా ఆడదని అతని బాధ. రోజూ పొద్దున్నే పడవల రేవుకు పోయి, తలకిందులైన ఒక పీపా మీద కూర్చుని కోతలు కోసేవాడు. రేవుకు వచ్చినవాళ్ళు ముల్లెట్ చేపలు శుభ్రం చేసుకుంటూ వినేవారు. ఇంటి దగ్గర హెప్సీ ఒక్కతే వంకాయలకు, టమాటాలకు నీళ్ళు మోసేది.

మూడో ఏడు ఏప్రిల్‌లో కాపు విరగకాసింది. కీ వెస్ట్ రేవు వర్తకులు వంకాయల్ని కారుచౌకగా అడుగుతున్నారని రేవులో అందరూ గొణుక్కుంటున్నారు. లెమ్యూల్ పీపా మీద నిలబడ్డాడు.

"వాళ్ళ మొహం చూసేదేంటి? నేను సముద్రం దాటి తిన్నగా హవానాకే పోతా. అక్కడి దొరలకు వంకాయంటే ప్రాణం. నా పడవ, నా సరుకు, నా ధర!"

"నీ పడవా?" అంది డోషీ. ఆమె దీవిలో అందరికంటే ముందొచ్చిన విధవరాలు. నోట్లో చుట్ట, మాటలో ముల్లు, రెండూ ఎప్పుడూ ఉండేవి. "దాంట్లో నిన్న నా కోడి ఎక్కితే ఒరిగింది రా నాయనా."

"కోడికి పడవ నడపడం రాదు డోషీ అత్తా. నాకొచ్చు."

అంతమంది ముందు అన్నాక వెనక్కి తగ్గడానికి దారి లేదు. మర్నాడు దీవి దీవంతా రేవుకొచ్చింది. ఆడవాళ్ళు సూదులు, దారపు ఉండలు, విసనకర్రలు తెమ్మని చీటీలిచ్చారు. ఎవరో బాకా ఊదారు. లెమ్యూల్ టోపీ ఊపుతూ, వంకాయల మీద నిలబడి, దక్షిణానికి సాగిపోయాడు. జనం కనుమరుగయ్యేదాకా ఊపుతూనే ఉన్నాడు. దారి చూడాల్సినవాడు వెనక్కి చూస్తూ టోపీ ఊపితే ఏమవుతుందో అదే అయింది. గాలి తిరిగింది. పడవ దీవి కొస చుట్టి వెనకపక్క అఖాతంలోకి దూరింది. అక్కడ ఆల్చిప్పల తిన్నె మీద కూర్చుని, పొట్ట చీల్చుకుంది. వంకాయలు ఊదారంగు బాతుల్లా బారులు తీరి తేలిపోయాయి.

ఆ తిన్నెకూ అతని ఇంటికీ దూరం రెండు మైళ్ళు. మొలలోతు బురదలో, మడవేళ్ళ మధ్య పడుతూ లేస్తూ, సాయంత్రానికి పెరటివైపు నుంచి ఇంటికొచ్చాడు. హెప్సీ పొయ్యి దగ్గర మొక్కజొన్న రొట్టె తిప్పుతోంది. తలెత్తి చూసింది.

"హవానా ఇంత దగ్గరా?" అంది.

"నవ్వకు హెప్సీ. పడవ బాగుచేసుకునేదాకా రెండు వారాలు దాక్కుంటా. ఎవరికీ చెప్పకు."

"బాకా కూడా ఊదించుకున్నావు కదయ్యా!"

"అందుకే కదా చెప్పొద్దంటున్నది!"

రెండు వారాలు నెలయింది. నెల రెండయింది. ఇప్పుడు బయటపడి, పడవ బద్దలైందంటే సిగ్గు. ఇంకొన్నాళ్ళాగితే హవానా నుంచి వచ్చానని చెప్పొచ్చు. ఎంత ఆగితే కథ అంత బలపడుతుంది. ఎండాకాలం వచ్చి దోమలు ముసిరాయి. ఇంక ఒకరింటికి ఒకరు పోవడమే అరుదు. తేలు కుట్టిన దొంగలా లెమ్యూల్ ఇంట్లోనే పడున్నాడు. ఎంతకని పడుంటాడు? కోతలు వినేవాడు లేడు. హెప్సీకి చెబితే "ఆ పార ఇలా అందుకో" అంటుంది. చేసేదిలేక పార పట్టాడు. తెల్లారకముందే లేచి పొదలు నరికాడు, వేళ్ళు పెకలించాడు, గుంటలు తవ్వాడు, నాచు మోసి ఎరువు వేశాడు. ఏడు నెలల్లో ఆరెకరాలు చదును చేసి, నిమ్మ, జామ నాటాడు. అతని జన్మలో ఒళ్ళు వంచి పనిచేసింది ఆ ఏడు నెలలే. తాను దీవిలో లేనని అతను అందరికీ చెప్పింది కూడా ఆ ఏడు నెలల గురించే.

నవంబర్‌లో ఒకరోజు సముద్రపు ఒడ్డు వెంట నడుచుకుంటూ రేవుకు దిగాడు. గడ్డం బొడ్డుదాకా ఉంది. పీపా ఎక్కాడు. పోయిన దారపు ఉండల సంగతి నుంచి మొదలుపెట్టి పొద్దు వాలేదాకా చెప్పాడు. హవానా దొర తనను నాలుగు గుర్రాల బండిలో తీసుకెళ్ళడం. విందులో వంకాయ చూసి దొరసాని ఏడవడం. ఆ ఇంట్లో ఒక చిలక ఉండడం, అది నూరు దాకా లెక్కపెట్టడం, యాభై ఏడు దగ్గర మాత్రం ఎప్పుడూ తప్పడం, తప్పినప్పుడల్లా సిగ్గుపడి రెక్కలో మొహం దాచుకోవడం. తిరుగుదారిలో తిమింగలం పడవను చీల్చడం. ఒక స్పెయిన్ ఓడ తనను రక్షించి దీవి అవతలి ఒడ్డున దించడం.

జనం చేపల కత్తులు కింద పెట్టి విన్నారు. డోషీ చుట్ట ఆరిపోయినా గమనించలేదు. ఆ తర్వాత మూడేళ్ళు ఎవరింట తాబేలు గుడ్ల రొట్టె కాల్చినా, ఎవరి పెళ్ళయినా, "కెప్టెన్, హవానా సంగతి చెప్పు" అనేవారు. లెమ్యూల్ చెప్పేవాడు. గుర్రాలు నాలుగల్లా ఆరయ్యాయి.

అయితే తూర్పు కొసన జెబులాన్ క్రంప్ అనే ఒంటరి మనిషి ఉండేవాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఒకరింటికి పోయే అలవాటు లేదు. వారానికోసారి రేవుకొచ్చి ఉప్పు, కాఫీ గింజలు కొనుక్కునేవాడు. వచ్చినప్పుడల్లా జేబులోంచి చిన్న పుస్తకం తీసి, లెమ్యూల్ చెప్పింది చెప్పినట్టు రాసుకునేవాడు. తేదీలతో సహా. తన కథ పుస్తకానికెక్కుతోందని లెమ్యూల్ పొంగిపోయి, అతను వచ్చిన రోజున కాస్త నెమ్మదిగా చెప్పేవాడు.

1894లో అయిదేళ్ళూ నిండి ఆరో ఏడు వచ్చింది. లెమ్యూల్ పట్టా కోసం అర్జీ పెట్టుకున్నాడు. నెల తిరగకుండా ఒక కాగితం వచ్చింది. 1891లో ప్రూయిట్ ఏడు నెలలు భూమి విడిచి పరదేశం పోయాడు, కాబట్టి హక్కు పోయింది, ఆ గట్టు భూమి నాకు ఇప్పించండి అని జెబులాన్ క్రంప్ అభ్యంతరం పెట్టాడు. సాక్ష్యం, ప్రూయిట్ నోటిమాటే.

హెప్సీ ఆ కాగితం రెండుసార్లు చదివింది. బయటికొచ్చి నిమ్మచెట్ల వరస చూసింది. అవి తొలికాపు మీదున్నాయి.

"పోయి నిజం చెప్పు" అంది.

"ఏ నిజం?"

"ఎన్ని నిజాలున్నాయేంటి నీ దగ్గర? ఉన్నది ఒక్కటే. ఎక్కడికీ పోలేదని చెప్పు."

"హెప్సీ, నువ్వు ఇక్కడే ఉన్నావు కదా. ఇంటావిడ కాపురముంటే చాలదా?"

"ఆ మాట నేను ఎప్పుడో అడిగించా. అర్జీ మీద పేరు నీదట. ఆరేళ్ళు నీళ్ళు మోసిన నేను చట్టానికి కనపడనట. ఏడు నెలలు కనపడకుండా దాక్కున్న నువ్వు మాత్రం కనపడాలట." ఆమె మళ్ళీ నిమ్మచెట్ల వైపు తిరిగింది. "నాకు ఈ ఇసుక తప్ప ఇంకేం లేదయ్యా. హవానా నీకుంది."

విచారణ అఖాతానికి అవతలి ఒడ్డున ఉన్న కోర్టు గదిలో జరిగింది. భూముల ఆఫీసు నుంచి వచ్చిన అధికారి సన్నగా, కోటు గుండీలన్నీ పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. దీవి జనం మూడు పడవల్లో దిగారు, పెళ్ళికి పోయినట్టు తినుబండారాలు కట్టుకుని. ముందుగా జెబులాన్ లేచి పుస్తకం తెరిచాడు.

"పందొమ్మిది నవంబర్, తొంభై ఒకటి. కెప్టెన్ గారు చెప్పారు, 'హవానాలో నన్ను దొర నాలుగు గుర్రాల బండిలో...'"

"ఆరు" అన్నాడు లెమ్యూల్.

హెప్సీ అతని తొడ మీద గిల్లింది.

"ఏమిటండీ?" అన్నాడు అధికారి.

"ఏం లేదండీ."

జెబులాన్ చదువుతూ పోయాడు. ఒక్క మాట జారనివ్వలేదు. మధ్యలో లెమ్యూల్ ఊపిరి పీల్చుకునే చోట అతనూ ఆగాడు. చిలక సిగ్గుపడి మొహం దాచుకునే చోట అధికారి కలం ఆపి విన్నాడు. లెమ్యూల్‌కు కళ్ళు చెమర్చాయి. తన కథను ఇంత శ్రద్ధగా, ఇంత భక్తిగా పలికినవాడు భూమ్మీద ఇంకొకడు లేడు. ఆ మాటలే తన నేల లాక్కుపోతున్నాయని ఒక క్షణం మరిచిపోయాడు.

"ప్రూయిట్ గారూ" అన్నాడు అధికారి. "ఈ మాటలు మీరు అన్నారా?"

"అన్నానండీ."

"అయితే 1891 ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా మీరు హవానాలో ఉన్నారు."

లెమ్యూల్ లేచి వెనక్కి తిరిగి చూశాడు. మూడేళ్ళు తన మాట విన్న మొహాలన్నీ బల్లల మీద వరసగా కూర్చున్నాయి. ఇప్పుడు నోరు విప్పితే ఆ మొహాలకు మళ్ళీ తన మొహం చూపించలేడు. ముందు బల్ల మీద హెప్సీ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆ అరచేతుల్లో కాయలు పారకర్ర ఎక్కడెక్కడ ఆనుతుందో అక్కడక్కడే ఉన్నాయి.

"లేనండీ" అన్నాడు. "నేను హవానాకు పోలేదు. దీవి వెనక ఆల్చిప్పల తిన్నె దాటలేదు. ఆ ఏడు నెలలూ మా ఇంట్లోనే దాక్కున్నాను."

గది కప్పు కూలుతుందనుకున్నాడు. ఏమీ కూలలేదు. ఎవరూ ముక్కు మీద వేలేసుకోలేదు. వెనక బల్ల మీద ఎవరో జామపండు కొరికిన చప్పుడు వినిపించింది. ఒక్క జెబులాన్ మాత్రం నోరు తెరిచి, పుస్తకం మూయడం మరిచిపోయి నిలబడ్డాడు.

అధికారి నొసలు తుడుచుకున్నాడు. "మీరు ఇప్పుడు చెబుతున్నది నిజమనీ, మూడేళ్ళుగా చెప్పింది అబద్ధమనీ ఎలా నమ్మాలి? భూమి కోసం ఇవాళ అబద్ధమాడుతున్నారేమో!"

"అడగాల్సిన మాటే" అని డోషీ లేచింది. "నేను చెబుతా రాసుకోండి. మా దీవిలో ఇంట్లో ఎంతమందుంటే వాకిట్లో అన్ని ఆకు కుంచెలు వేలాడతాయి. చిట్టితాటి ఆకు చీల్చి కట్టుకుంటాం. లోపలికి పోయే ముందు దాంతో తలనుంచి కాళ్ళదాకా దోమలు దులుపుకుంటాం. ఎవరిది వాళ్ళదే. మనిషి ఊరికిపోతే ఆ మనిషి కుంచె తీసేస్తాం. పోయినవాడి కుంచె వాకిట్లో ఉంటే దోమలు వాడి పడవ వెంటపడతాయని మా నమ్మకం."

"అయితే?"

"లెమ్యూల్ హవానా పోయాక నేను నాలుగుసార్లు హెప్సీని చూడ్డానికి పోయా. నాలుగుసార్లూ మేకుకు రెండు కుంచెలున్నాయి. సరే, మరిచిపోయిందేమో అనుకోవచ్చు. కానీ ఆకు కుంచె పదిహేను రోజుల్లో ఎండి విరిగిపోతుంది కదండీ! నేను పోయినప్పుడల్లా రెండోది పచ్చిగానే ఉంది. పైగా మగవాడు కట్టిన ముడి. హవానాలో ఉన్నవాడు మా దీవిలో దోమలు దులుపుకోవడానికి వస్తాడా?"

హెప్సీ తల దించుకుంది. లెమ్యూల్ పడవ దాచాడు, అడుగు జాడలు దాచాడు, గడ్డం దాచాడు. ప్రపంచం కంటపడకుండా దాక్కున్నవాడు కూడా దోమలు దులుపుకోకుండా గడప దాటలేకపోయాడు.

"ఇంకెవరికైనా తెలుసా?" అన్నాడు అధికారి.

జెబులాన్ తప్ప దీవి జనమంతా చెయ్యెత్తారు.

"మొదటి వారంలోనే తెలిసింది" అని ఎవరో అన్నారు. "వంకాయలన్నీ మా రేవుకే కొట్టుకొచ్చాయి. కూర వండుకున్నాం."

"మరి తెలిసీ మూడేళ్ళు ఎందుకు విన్నారు?" అధికారికి నిజంగా అర్థం కాలేదు.

డోషీ అతణ్ణి జాలిగా చూసింది. "మీ ఊళ్ళో సాయంత్రాలు ఏం చేస్తారు బాబూ?"

ఆరు వారాలకు తీర్పు వచ్చింది. హెప్సీ దాన్ని వాకిట్లోనే నిలబడి గట్టిగా చదివింది. 'అర్జీదారు ఈ జిల్లాలో పేరుపడ్డ అబద్ధాలకోరని సాక్షులందరూ ఏకకంఠంతో రుజువు చేసినందువల్ల, అతను విదేశం వెళ్ళినట్టు తానే చెప్పిన మాట నమ్మదగినది కాదు. అర్జీదారు అబద్ధాలకోరు కాబట్టి హక్కు అతనిదే. పట్టా ఇవ్వవలసింది.' కింద సంతకం, గుండ్రటి ముద్ర.

తర్వాత పట్టా కూడా వచ్చింది. హెప్సీ దాన్ని పెట్టెలో దాచి, తీర్పు కాగితానికి మాత్రం ఓడ చెక్కతో చట్రం కట్టి గోడకు తగిలించింది. "ఎప్పుడైనా 'నేను అబద్ధం చెప్పానా' అని నువ్వంటే వేలు చూపించడానికి" అంది. ఆమె అంతగా నవ్వడం లెమ్యూల్ పెళ్ళినాటినుంచి చూడలేదు. నూట అరవై ఎకరాల ఇసుక, బురద, నిమ్మచెట్లు ఇప్పుడు ఆమెవి. కాగితం మీద పేరు అతనిదే అనుకోండి.

లెమ్యూల్ మాత్రం రేవుకు పోవడం మానేశాడు. గెలిచినవాడిలా లేడు. జనం కబురు పెట్టారు. "రా కెప్టెన్, చిలక సంగతి చెప్పు, మాకేం తేడా లేదు" అన్నారు. వాళ్ళకు తేడా లేదన్నదే అతని గుండెల్లో గుచ్చుకుంది. మూడేళ్ళు తను మోసం చేస్తున్నానని మురిశాడు. వాళ్ళేమో తన ముచ్చట తీర్చారు. పసిపిల్లాడి చేతి మట్టిబువ్వ తిన్నట్టు నటించే పెద్దల్లా, కత్తులు కింద పెట్టి మరీ విన్నారు.

చివరికి ఒకనాటి పొద్దున ఒక సంచీడు జామపళ్ళు భుజాన వేసుకుని, అయిదు మైళ్ళు ఇసుకలో నడిచి తూర్పు కొసకు పోయాడు. జెబులాన్ ఇంటి వాకిట్లో ఒక్కటే కుంచె ఉంది. లెమ్యూల్ దాన్ని తీసుకోలేదు. టోపీతో దులుపుకుని లోపలికెళ్ళాడు. జెబులాన్ పెట్టె సర్దుతున్నాడు. పీపాలు ఖాళీ చేసి వరసగా బోర్లించాడు.

"వెళ్ళిపోతున్నావా జెబ్?"

"రేపటి పడవకు, కెప్టెన్ గారూ."

"ఇంకా కెప్టెన్ గారేంటి? కోర్టులో విన్నావు కదా."

జెబులాన్ చొక్కా మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. "మీ నేల కావాలని అభ్యంతరం పెట్టాను. నాకు దక్కిన నేల పోటుకు మునుగుతుంది. చట్టప్రకారమే అడిగాను, అందుకు సిగ్గుపడను. కానీ మీరు చెప్పింది అబద్ధమని నాకెప్పుడూ తోచలేదండీ. ఇక్కణ్ణుంచి ఒకసారి హవానా పోయి చూడాలనుకున్నాను. దారిఖర్చులకు దాచుకున్నాను కూడా."

లెమ్యూల్ సంచి కింద పెట్టి కూర్చున్నాడు. దీవి మొత్తం మీద అతణ్ణి నమ్మినవాడు ఈ ఒక్కడే. ఆ ఒక్కణ్ణే కోర్టుకెక్కి, ఒట్టేసి, అందరి ముందూ పోగొట్టుకున్నాడు.

ఇద్దరూ జామపళ్ళు తిన్నారు. గింజలు కిటికీలోంచి ఉమ్మారు.

"ఒక్కటి అడగనా?" అన్నాడు జెబులాన్.

"అడుగు."

"ఆ గుర్రాలు పోతే పోనీ. దొర, విందు, తిమింగలం, అన్నీ పోనీయండి. ఆ చిలక... చిలక కూడా లేదా?"

లెమ్యూల్‌కు తన ఇంటి గోడకు తగిలించిన తీర్పు కాగితం గుర్తొచ్చింది.

"చిలక ఉంది" అన్నాడు.

జెబులాన్ చేతిలో చొక్కా ఆగిపోయింది. "హవానా పోకుండా ఎలా చూశారు?"

"ఆల్చిప్పల తిన్నె మీదికి వచ్చింది. ఏదో ఓడలోంచి తప్పించుకున్నట్టుంది. నా పడవ విరిగిన చెక్క మీద వాలి, తేలిపోతున్న వంకాయలు లెక్కపెట్టింది. యాభై ఏడు దగ్గర తప్పింది."

జెబులాన్ పెట్టె అడుగునుంచి పుస్తకం తీసి, పుటలు తిప్పాడు. "రంగు?"

"పచ్చ. తల ఎరుపు."

"తొంభై రెండు మార్చిలో పసుపన్నారు."

"బురద కదా జెబ్. కడిగాక తెలిసింది."

జెబులాన్ పెన్సిలు కొస నాలుకకు తాకించుకుని రాసుకున్నాడు. తర్వాత లేచి, బోర్లించిన పీపా ఒకటి లెమ్యూల్ వైపు నెట్టాడు, దాని మీద కూర్చుని చెప్పమని.